రేగొండ నుంచి హన్మకొండకు, ఇరవై ఒకటో పుట్టినరోజున

నాకు తలసేమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు కాబట్టి మూడు వారాలకోసారి ఎవరిదో రక్తం ఎక్కించుకోవాలి. రేగొండ నుంచి పరకాల మీదుగా హన్మకొండ దవాఖానకు వెళ్లే దారిలో నేను తిరిగినన్నిసార్లు కొందరు బస్సు డ్రైవర్లు కూడా తిరిగి ఉండరు. నాకు నాలుగేళ్లప్పుడు ఒక డాక్టరు, ఈ పిల్ల ఇరవై దాటడం కష్టమని అమ్మతో అన్నాడట. అప్పటినుంచి మా ఇంట్లో పుట్టినరోజంటే కొత్త బట్టలు ఉంటాయి, పాయసం ఉంటుంది, ఎన్నో ఏడు అన్న మాట మాత్రం ఉండదు. నేను అడిగితే అమ్మ, "ఏందో తియ్, ముందుగాల తిను" అంటుంది. నాకు ఒళ్లు మండేది.

ఇరవై ఒకటోది ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో వచ్చిపడింది. బస్సుల్లేవు. నేను రక్తం ఎక్కించుకోవాల్సిన రోజు దాటి పది రోజులైంది, హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది, గడప దాటితే గుండె దడదడలాడుతోంది. పొద్దున దవాఖానకు ఫోన్ చేస్తే, రక్తదాన శిబిరాలు ఆగిపోయాయని, నా గ్రూపు రక్తం ఒక్క ప్యాకెట్టే మిగిలిందని చెప్పారు. మధ్యాహ్నం రెండింటి దాకా ఆపుతారట. ఆ తర్వాత వరుసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తారు. అదీ న్యాయమే, వాళ్లకూ ప్రాణమే కదా.

మా వాడకట్టులో ఆటో నడిపే సమ్మన్న ఏడు వందలకు వస్తానన్నాడు. మామూలుగా బస్సుకు ముప్పై చిల్లరతో పోయే దారి. అంత కంగారులోనూ అమ్మ నాకు తలంటు పోసింది, ముఖానికి మందంగా పసుపు రాసింది, ఎర్రటి కొత్త డ్రెస్సు తొడిగి తలలో మల్లెలు పెట్టింది. ప్రతి పుట్టినరోజుకూ అంతే. సమ్మన్న తెల్లకాగితం మీద 'పేషెంట్' అని రాసి అద్దానికి అంటించాడు. పదింటికి బయలుదేరాం.

పరకాల దాటేసరికి పదకొండున్నర. ఇంకొంచెం ముందుకు పోగానే ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు నిలబెట్టారు. తారు మీదే రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంపంత గిన్నెలు, చుట్టూ జనం. వంటావార్పు. ఆ రోజుల్లో రోడ్డు మూసి అక్కడే వండుకుని తినడం ఉద్యమంలో ఒక పద్ధతి. రాష్ట్రం కావాలని నేనూ ఇంట్లో గొంతు చించుకున్నదాన్నే. వేరే రోజైతే దిగి ఒక చెయ్యి వేసేదాన్ని.

మెడలో కండువా వేసుకున్న ఒకాయన ఆటోలోకి తొంగిచూశాడు.

"దవాఖానకు పోతున్నం, అన్న. పిల్లకు రక్తం ఎక్కియ్యాలె," అన్నాడు సమ్మన్న.

"పేషెంటెవలు? గీ పెండ్లిపిల్లనా?" అన్నాడాయన. "నిన్న గూడ గిట్లనే కాయితం అంటిచ్చి, జీపు నిండ పెండ్లోళ్లను దాటిచ్చిన్రు. మల్ల మమ్ముల మోసం జేద్దామనుకుంటున్రా? ఆటో ఎనకకు తిప్పు."

రక్తం ఎక్కించిన ప్రతిసారీ దవాఖానలో తేదీ రాసిచ్చే నా పుస్తకం చూపించాను. "నిన్నటోళ్లు గూడ కాయితాలు చూపిచ్చిన్రు," అని చూడకుండానే తిరిగి ఇచ్చేశాడు. పన్నెండు దాటింది. సమ్మన్న బతిమాలుతున్నాడు, ఎవరూ వినడం లేదు. నాకు పెళ్లట! నవ్వు రావాలి గానీ, ఏడుపొచ్చింది.

అమ్మ ఆటో దిగింది. పప్పు కలుపుతున్న ఒక పెద్దామె దగ్గరికి పోయి, "అక్క, జర ఒక చెంబెడు నీళ్లియ్యి" అంది. తెచ్చి నన్ను కిందికి దించి, అందరి ముందూ నా ముఖం కడిగింది. మెల్లగా కాదు, గిన్నె తోమినట్టు. పసుపు నీళ్లు కొత్త డ్రెస్సు మీదికి కారాయి. బొటనవేలితో నా కింది కనురెప్ప లాగిపట్టి, "చూడున్రి, నెత్తురుందా గిండ్ల?" అంది. "పసుపు నేనే పూసిన. పుట్టిన్రోజు నాడన్న నా బిడ్డ పాలిపోయినట్టు కనబడొద్దని పూసిన."

అమ్మ మనసులో ఉన్నది అదని నాకప్పటిదాకా తెలియదు.

పెద్దామె గరిటె పట్టుకునే దగ్గరికొచ్చి నా కంట్లోకి చూసింది. "ఎన్నేండ్లు, బిడ్డకు?" అని అడిగింది. నేను అమ్మ వైపు చూశాను.

"ఇరవయ్యొకటి," అంది అమ్మ. "ఇరవై దాటదన్నరు. దాటింది. ఇయ్యాల్నే దాటింది."

కండువా ఆయన ఎడ్లబండి కాడి తనే పట్టి లాగాడు. "తప్పయింది, తల్లీ" అని, బైకు తీసి మా ముందు నడిపాడు. దారిలో ఇంకో రెండు చోట్ల రోడ్డు మూసి ఉంటే, "పేషెంటు, నిజం పేషెంటు!" అని అరుస్తూ మమ్మల్ని దాటించాడు. పెద్దామె ఇచ్చిన అన్నం విస్తరాకులో వేడివేడిగా అమ్మ ఒళ్లో ఉంది. రక్తనిధి కిటికీ దగ్గరికి చేరేసరికి ఒంటిగంటా నలభై.

సూది గుచ్చి, మొదటి చుక్క లోపలికి దిగాక అమ్మ నాకు ఆ పప్పన్నం కలిపి పెట్టింది. ఇన్నేళ్లూ నా రోగానికి సిగ్గుపడి పసుపు పూస్తోందనుకుని కోప్పడ్డాను. సిగ్గు కాదు, భయం. ఆ భయం నాకూ ఉంది, ఈ రోజుకీ ఉంది, పుట్టినరోజు దగ్గరపడితే నిద్ర పట్టదు. కానీ నడిరోడ్డు మీద నా వయసు పైకి అన్నాక ఆకాశమేమీ విరిగిపడలేదు. ఇప్పుడు ఎవరడిగినా నేనే ముందు చెబుతున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద ఈ దారిన వెళ్తుంటే ఒక్క మాట. సూది తీశాక ఇంటికి పోవాలన్న తొందరలో మంచం దిగేయకండి, తర్వాతి తేదీ పుస్తకంలో రాయించుకున్నాకే దిగండి. ఎన్నేళ్లు బతుకుతామో ఎవరూ రాసివ్వరు గానీ, మూడు వారాల తర్వాత రమ్మని మాత్రం రాసిస్తారు.