చేతులెత్తిన బడి

ఈ ఉదయం మా వీధిలో గొర్రెల మంద పోతుంటే, దుమ్మూ ఉన్నీ కలిసిన వాసన వరండా దాకా వచ్చింది. ఒక గొర్రె "బ్యా" అంది. ఎనభై దాటిన నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. ఈ అలవాటు నాకు అంటించినవారు రాయచోటిలో మా హెడ్మాస్టరు ఖాదర్ అయ్యవారు.

యాభైల నాటి మాట. గొర్రెల కాపరి కొడుకు ఓబులేసు మా తరగతిలో కొత్తగా చేరాడు. భుజాన గొంగడితో పాఠం చదవడానికి లేవగానే వెనక బెంచీ నుంచి "బ్యా" అని వినబడింది. రెండో రోజుకు తరగతి, మూడో రోజుకు బడి మొత్తం అరిచింది. నాలుగో రోజు ఓబులేసు తన పలక తీసుకుపోయి అయ్యవారి బల్లమీద పెట్టేశాడు.

"నేను పోతాండా అయ్యవారూ. మా గొర్రెలైతే నన్ను చూసి నవ్వవు."

"ఒక్క దినం ఉండప్పా," అని ఆయన గంట కొట్టించారు. పిల్లలు, పంతుళ్లు, బంట్రోతు, ఆఖరికి గేటు దగ్గర శనక్కాయలమ్మే సుబ్బమ్మవ్వ కూడా వచ్చి నిలబడ్డారు.

"అరిసినోళ్ల సంగతి తర్వాత. విని నవ్వినోళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయనే ఎత్తారు. "మొన్న వాకిట్లో నాకూ నవ్వొచ్చింది. మీసాల చాటున దాచుకుంటి."

"నేనూ నవ్వితి నాయనా," అంది అవ్వ. "పండ్లు లేవు గదా, ఎవురికీ కనపళ్లా."

పిల్లల్లో మొదట లేచిన చెయ్యి నాదే. ముందుకు నడిచి, ఓబులేసును కావలించుకుని, బడంతా కంటతడి పెట్టేలా మాట్లాడాను. మనవళ్లకు ఇన్నేళ్లూ ఇట్లాగే చెప్పుకొచ్చాను. కాగితం మీద మాత్రం ఆ కోతలు కొయ్యడానికి మనసొప్పడం లేదు. అన్నిటికన్నా ఆఖరున లేచిన చెయ్యి నాది. వెనక బెంచీ నుంచి వచ్చిన మొదటి "బ్యా" కూడా నాదే. ఆ మాట చెప్పబోతే నా గొంతు నిజంగానే గొర్రెలా వణికింది.

"శానా బాగా అరిసినావు లేప్పా," అన్నారు అయ్యవారు. తర్వాత అందరివైపూ తిరిగారు. "ఇంగ యాడ ఎవురు అరిసినా, విన్నోళ్లంతా చెయ్యెత్తి నిలబడాల. నేనైనా సరే, అవ్వయినా సరే. అంతవరకూ పాఠం లేదు."

మరునాడు ఓబులేసు చదవడానికి లేచాడు. పలక ఇంకా అయ్యవారి బల్లమీదే ఉంది. రెండు వాక్యాలు చదివాడో లేదో, గట్టిగా "బ్యా" అని వినబడింది. బడంతా లేచింది. అయ్యవారి చెయ్యి, బంట్రోతు చెయ్యి, గేటు దగ్గర అవ్వ చెయ్యి, అందులోని శనక్కాయల డబ్బాతో సహా. ఎవరూ నవ్వలేదు. ఓబులేసు కిటికీలోంచి తొంగిచూసి, కడుపు పట్టుకుని తనే నవ్వాడు.

"దించండప్పా చేతులు! అది నిజం గొర్రె. మా మంద సంతకు పోతాంది!"

ఆ నవ్వుతోనే వెళ్లి బల్లమీది పలక తెచ్చుకున్నాడు.

ఈ ఉదయం గాలిలో నిలిచిన నా చెయ్యి చూసి కోడలు, "ఎవురిని పిలుస్తాండారు మామా?" అని అడిగింది.

"ఎవురినీ కాదమ్మా. విన్నానని చెప్తాండా."

మంద మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు.