ఉపవాసానికి అడ్డురాని మందు

ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పెరుగన్నంలో మాగాయ టెంక, ఆ వెంటనే నడుం వాల్చడం. నా జీవితంలో క్రమశిక్షణతో చేసిన పనులు ఇవే. ఫలితంగా గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్ళు.

మా వీధి వైద్యులవారు రాజమండ్రి నుంచి సోడా ఉప్పు తెప్పించి ఇచ్చారు. "భోజనమయ్యాక, మంట పుడితేనే, చిటికెడు మందు చెంబెడు నీళ్ళలో. రోజూ వద్దండీ. తినగానే పడుకోకండి. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా అయినా ఇది తాగుతూ కూర్చోక నా దగ్గరికి రండి" అన్నారు. ఇందులో నేను చెవిన పెట్టింది మందు పేరొక్కటే.

అంతలో మా అమ్మాయి పెళ్ళి వచ్చింది. ద్రాక్షారామం నుంచి మగపెళ్ళివారు పడవల్లో దిగారు. కన్యాదానం అయ్యేదాకా నేను పచ్చి మంచినీళ్ళతో ఉండాలి. పొద్దెక్కేసరికి ఆకలి, మంట పోటీపడ్డాయి.

"మందు పుచ్చుకుంటే ఉపవాసం చెడుతుందాండీ?" అని పురోహితుణ్ణి అడిగాను.

"ఔషధానికి దోషం లేదండీ."

దోషం లేనప్పుడు కొలత ఎందుకనుకున్నాను. గుప్పెడు సోడా ఉప్పు చెంబులో పోసి, రుచికి నిమ్మకాయలు పిండాను. బుస్సున పొంగింది.

"ఏంటండీ ఆ నురగ? గేదె పాలు పితికినట్టు!" అంది మా ఆవిడ.

"మందే" అని గటగటా తాగేసి పీటల మీద కూర్చున్నాను.

అల్లుడి చేతిలో అమ్మాయి చెయ్యి పెట్టాను. గోత్రం చెప్పబోయి నోరు తెరిస్తే త్రేన్పు వచ్చింది. పందిరి మొత్తం వింది. మళ్ళీ తెరిచాను. ఈసారిది మరీ పొడుగు.

వియ్యంకుడుగారు లేచారు. "బావగారూ, విస్తరి ఎప్పుడెత్తారు? పప్పు బాగుందా? తిన్న చేత్తో ధారపోస్తే మేం పుచ్చుకోం. లేవరా అబ్బాయ్!"

అల్లుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మాయి చెయ్యి గాలిలో ఉండిపోయింది. అది చూశాక నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తినలేదని చెప్పబోయాను. మళ్ళీ త్రేన్పే.

"అన్నయ్యగారూ, ఆయన మెతుకు ముట్టలేదండీ. మందు తాగారు" అంది మా ఆవిడ ఏడుపు గొంతుతో.

వైద్యులవారు జనాన్ని తోసుకుని వచ్చారు. "ఎంత వేశారు?"

గుప్పిట చూపించాను.

"నిమ్మకాయ కూడానా?"

తల ఊపాను.

"కడుపులో పులుపును విరవాల్సిన మందండీ అది! మీరు చెంబులోనే పులుపు పోసి దాని పని అక్కడే ముగించేశారు. లోపలికి పోయింది గాలి!"

"మెతుకు లేదని మీరు హామీయా?" అన్నారు వియ్యంకుడుగారు.

"అన్నముంటే ఇంత బోలుగా మోగదండీ."

వియ్యంకుడుగారి బొజ్జ ముందు కదిలింది, తర్వాత ఆయన పగలబడి నవ్వారు. "సరే, కూర్చోరా అబ్బాయ్. మేళగాళ్ళూ! మా బావగారు నోరు తెరిచినప్పుడల్లా గట్టిమేళం!"

అల్లుడు మళ్ళీ చెయ్యి చాపాడు. సన్నాయి, డోలు హోరెత్తుతుండగా మా ఆవిడ నీళ్ళు వంచింది, నేను ధారపోశాను. అమ్మాయి తల వంచుకునే కళ్ళు తుడుచుకుంది. నా నిర్లక్ష్యం వల్ల తన పెళ్ళి ఆగబోయింది. ఆ మాట ఒప్పుకుని, క్షమించమ్మా అందామని నోరు తెరిచాను.

మేళగాళ్ళు అందుకున్నారు.