మీసానికి పదేళ్ల గడువు

యుద్ధాలు ఏ రోజున మొదలయ్యాయో, రాజులు ఏ రోజున గద్దె దిగారో చరిత్రకారులు ఓపిగ్గా రాసిపెట్టారు. కానీ ఒక మనిషి పొద్దున్నే టీ తాగుతూ, దినపత్రికలో వచ్చిన సైన్సు వార్తను కత్తిరించి నోటుపుస్తకంలో అతికించి, దాని పక్కన గ్రంథాలయపు గడువు చీటీ ఒకటి అంటించి, తేదీ ముద్ర టపీమని కొట్టిన మొట్టమొదటి క్షణాన్ని మాత్రం ఎవరూ నమోదు చేయలేదు. మానవజాతి అశ్రద్ధకు ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. తెలిసినంతవరకు అది ఒక మంగళవారం. వార్త బట్టతలకు సంబంధించింది. పదేళ్లలో లోకంలో బట్టతల అనేదే ఉండదని ఎవరో శాస్త్రజ్ఞులు ఎలుకల సాయంతో తేల్చారు.

ఆ మనిషి గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే బల్ల వెనక కూర్చునే గుమాస్తా. ఇరవై ఆరేళ్లలో ఆయన కుర్చీకి మూడు కాళ్లు మార్చారు గానీ అందులో కూర్చునే మనిషిని మార్చలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. అది జీతం కాగితం మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన గడువుగారు. పుస్తకం పట్టుకుని గుమ్మం దాటబోయే వాళ్ల వీపుకి "పధ్నాలుగో రోజు" అన్న మాట ఒకటి తగిలేది. గ్రంథాలయ సంఘం అధ్యక్షుడంతటివాడు ఓసారి ఒక రోజు ఆలస్యంగా పుస్తకం తెచ్చాడు. గడువుగారు పల్లెత్తు మాట అనలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూశారు, అధ్యక్షుడి వైపు చూశారు, మళ్లీ క్యాలెండరు వైపు చూశారు. అధ్యక్షుడు ఆ మర్నాటి నుంచి పుస్తకాలు డ్రైవరు చేత పంపించడం మొదలుపెట్టాడు.

"నవల పట్టుకెళ్లినవాడికి పధ్నాలుగు రోజులు గడువు పెడతాం కదా టీచరుగారూ, మన ఆశలు పట్టుకెళ్లినవాడికి గడువు వద్దా?" అని ఆయన లెక్కల టీచరమ్మను అడిగేవారు. ఆవిడ రిటైరయ్యాక రోజూ పది గంటలకల్లా వచ్చి, పత్రికల గదిలో కిటికీ పక్క కుర్చీని స్వాధీనం చేసుకునేది.

"వాళ్లు పదేళ్లనే ఎందుకంటారో తెలుసా?" అనేది ఆవిడ. "ఐదంటే జనం గుర్తుపెట్టుకుంటారు. ఇరవై అంటే ఇప్పుడెందుకులే అంటారు. పదంటే ఆశా ఉంటుంది, మరుపూ ఉంటుంది."

"మరుపు నా దగ్గర కుదరదండీ."

కుదరలేదు కూడా. నోటుపుస్తకంలో మూడువందల పన్నెండు చీటీలు చేరాయి. ఎగిరే కార్లకు ఒకటి. నెలకోసారి చార్జింగు పెడితే చాలనే బ్యాటరీకి నాలుగు, నాలుగుసార్లు చెప్పారు కాబట్టి. అంట్లు తోమే మరమనిషికి ఒకటి. చంద్రుడి మీద ఇళ్ల స్థలాలకు ఒకటి. ఫలానా సినిమాను వందేళ్ల పాటు చెప్పుకుంటారని దాని పోస్టరే ప్రకటించుకుంటే, ఆ మాటకూ ఒక చీటీ పడింది. ముద్రలో అంత దూరపు సంవత్సరం లేక ఆ తేదీ చేత్తో రాయాల్సి వచ్చింది.

"అప్పటికి చూడ్డానికి మీరుంటారా?" అంది భార్య.

"నేనుండక్కర్లేదు. చీటీ ఉంటే చాలు."

"ఆ సినిమా రెండో వారానికే ఎత్తేశారండీ."

"గడువు ఇంకా తీరలేదు," అన్నారు గడువుగారు న్యాయమూర్తిలా.

మూడువందల పన్నెండులో ఏడు మాటలు నెరవేరాయి, ఏదీ చెప్పిన రోజున కాదనుకోండి. వాటి మీద "తిరిగి అందినది" అన్న ముద్ర వేసేటప్పుడు ఆయన ముఖం, పోయిందని లెక్కల్లోంచి కొట్టేసిన పుస్తకం అట్ట చిరిగి తిరిగొచ్చినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉండేది. సంతోషమే, కానీ పైకి ఒప్పుకోబుద్ధి కాని సంతోషం.

ఇంత పెద్ద వ్యవహారానికి ఇంట్లో అడ్డు ఒక్కటే, కత్తెర. భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. బట్ట కత్తిరించే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందన్నది దర్జీల లోకంలో వేదవాక్కు. గడువుగారు ఆ వేదాన్ని రోజూ పొద్దున్నే ఉల్లంఘించేవారు. ఆవిడ దాన్ని రోజుకోచోట దాచేది. ఆయన వెతికి పట్టుకునేవారు. పాతికేళ్ల కాపురంలో ఇంతకు మించిన తగువు లేదు కాబట్టి, దాన్ని ఇద్దరూ భద్రంగా చూసుకునేవారు.

ఇక మీసం. ఆ నోటుపుస్తకం తర్వాత ఆయనకున్న స్థిరాస్తి అదొక్కటే. పంతొమ్మిదో ఏట వచ్చింది, మళ్లీ పోలేదు. పెళ్లి ఫొటోలో ముందు మీసం కనబడుతుంది, కాసేపు చూస్తే దాని వెనక పెళ్లికొడుకు కనబడతాడు.

ఈ మీసం మొదటిసారి ప్రమాదంలో పడింది ఒక పండగనాడు భోజనాల వేళ. బావమరిది అప్పుడే కొత్తగా ఫోన్లు బాగుచేసే దుకాణం తెరిచాడు. చెయ్యి కడుక్కోకుండానే ఫోను తీసి బావ ముందు పెట్టాడు.

"చూడు బావా. ఇక సినిమా హాలు జేబులోనే."

గడువుగారు కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. తెర అరచేతికన్నా చిన్నది. హీరో చీమంత ఉన్నాడు. విలన్ ఇంకో చీమ.

"చీమా చీమా కొట్టుకుంటే కూర్చుని చూసేదెవడయ్యా? నాలుగు రోజుల మోజు ఇది. పదేళ్లు పోనీ. ఫోన్లో సినిమా చూసేవాడు ఒక్కడు కనబడితే నా మీసం తీసేస్తాను."

"మాట మీదుంటావా?"

"మాట మీదేంటి, చీటీ మీదే ఉంటాను. ఇలా తే ఆ పుస్తకం."

రాసింది ఆయనే, అతికించింది ఆయనే, ముద్ర కొట్టిందీ ఆయనే. పక్కన సాక్షి సంతకం భార్యది. కత్తెర మాత్రం ఇవ్వలేదు, చీటీ చేత్తోనే చింపాల్సి వచ్చింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ల చిల్లర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఈలోగా, సరిగ్గా మూడు నెలల క్రితం, గ్రంథాలయం గుమ్మం పక్క గోడకు ముఖం చూసి హాజరు వేసే యంత్రం ఒకటి బిగించారు. ముఖాలు ఎక్కించడానికి వచ్చిన కుర్రాయన గడువుగారిని దాని ముందు నిలబెట్టి, "కదలకండి సార్... ఆఁ, మీసం బ్రహ్మాండంగా పడింది!" అన్నాడు. గడువుగారు ఆ క్షణంలోనే యంత్రం లోగుట్టు కనిపెట్టేశారు.

"అది నన్ను గుర్తుపట్టట్లేదు టీచరుగారూ, నా మీసాన్ని గుర్తుపడుతోంది. మీసం లేకుండా వెళ్లి నిలబడితే, ఎవడివిరా నువ్వు అంటుంది."

"అయితే ఓసారి తీసి చూడండి, తేలిపోతుంది."

"సైన్సు కోసం అంత త్యాగం నా వల్ల కాదండీ."

ప్రతి నెలా ఒకటో తారీఖున, ఆ నెలలో గడువు తీరే చీటీలు చూసుకోవడం ఆయన అలవాటు. ఈ నెల ఒకటో తారీఖున పేజీ తిప్పారు. సొంత దస్తూరీ కనబడింది. పుస్తకం మూసేశారు. మళ్లీ తెరిచారు. దస్తూరీ మారలేదు. గడువు పధ్నాలుగో తారీఖు, ఆదివారం.

పేజీ చింపెయ్యొచ్చు. కానీ అధ్యక్షుడి ముందు క్యాలెండరు చూసిన మనిషి, తన చీటీ తనే చింపుకుంటే ఇక ఏ ముఖంతో "పధ్నాలుగో రోజు" అంటారు? మీసం ఉంటే పెద్దరికం పోయేలా ఉంది, పెద్దరికం ఉండాలంటే మీసం పోయేలా ఉంది. దిక్కుతోచక సాక్ష్యాలు సేకరించడం మొదలుపెట్టారు. బస్సులో ఆయనతో కలిపి పదకొండు మంది కూర్చున్నారు. తొమ్మిది మంది ఫోన్లో సినిమాయో, సినిమా ముక్కో చూస్తున్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకాయన నిద్రపోతున్నాడు. రెండోవారు గడువుగారు.

గ్రంథాలయంలో టీచరమ్మ ముఖానికి అడ్డంగా పత్రిక పట్టుకుని గంటసేపటి నుంచీ పేజీ తిప్పలేదు. ఆయన అనుమానంతో పక్కకు వెళ్లి చూశారు. పత్రిక వెనక ఫోను.

"టీచరుగారూ! మీరు కూడానా?"

"శబ్దం తీసేశానండీ."

"శబ్దం సంగతి కాదు..."

"క్లైమాక్సు. అయిదు నిమిషాలాగండి, ఉరి తీద్దురుగాని."

శనివారం సాయంత్రం ఆయన ఎప్పటిలాగే కత్తెర కోసం ముందుగదిలోకి వెళ్లారు. భార్య ఒక చీర అంచు కుడుతోంది. దారపు రీళ్ల డబ్బాకు ఆనించిన ఫోన్లో ఏదో సినిమా నడుస్తోంది. హత్య జరిగింది, ఇంట్లో నలుగురూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. గడువుగారు కత్తెర వెతుకుతూ ఒక కంటితో చూశారు. తర్వాత రెండో కంటితో కూడా చూశారు.

"ఏమండీ," అంది భార్య, మిషను ఆపకుండా. "కత్తెర కోసం వచ్చి నలభై నిమిషాలైంది."

"ఆ పోలీసాయన అబద్ధం చెప్తున్నాడు."

"అది నాకెప్పుడో తెలుసు. కూర్చోండి, కాళ్లు లాగుతాయి."

"వద్దు. నేను కత్తెర కోసం వచ్చాను."

"కత్తెర మీ చేతిలోనే ఉందండీ."

చూసుకున్నారు, ఉంది. ఊరందరి మీదా సేకరించిన సాక్ష్యం ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. గడువుగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. పోలీసాయనే హంతకుడని తేలాక గాని లేవలేదు.

ఆదివారం పదింటికి బావమరిది వచ్చాడు. భుజాన ఉతికిన తువ్వాలు, ముఖాన పదేళ్ల నవ్వు.

"తారీఖు గుర్తుందా బావా?"

"తారీఖులు నాకు చెప్తున్నావా?"

భార్య మధ్యలో కల్పించుకుంది. "మీ పుస్తకాలకి రెన్యువల్ ఉంటుంది కదండీ. మీసానికి కూడా ఇంకో పదేళ్లు రాయించుకోకూడదూ?"

గడువుగారి కళ్లలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. అంతలోనే ఆరిపోయింది. "రూలు ఒప్పుకోదు. ఆ పుస్తకం కోసం ఇంకెవరూ కాచుకుని ఉండకపోతేనే రెన్యువల్."

"నేను పదేళ్లుగా కాచుకుని ఉన్నాను," అన్నాడు బావమరిది.

"అదీ సంగతి."

ఆయన అంత నిబ్బరంగా నిలబడేసరికి బావమరిదికే జాలేసింది. తువ్వాలు మడత పెడుతూ, "పోనీలే బావా. నవ్వుకోడానికి వచ్చాను గానీ నీ మీసం నేనేం చేసుకుంటాను? సగం కత్తిరించు, చాలు," అన్నాడు.

"సగం పుస్తకం తిరిగిస్తే నేను తీసుకుంటానా?" అన్నారు గడువుగారు. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

పదినిమిషాల తర్వాత బయటికి వచ్చిన మనిషిని చూసి బావమరిది నవ్వబోయి నవ్వలేకపోయాడు. భార్య దగ్గరికొచ్చి, పైపెదవి మీద వేలు పెట్టి చూసింది.

"ఇక్కడ పుట్టుమచ్చ ఉందని పాతికేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"బావుంది," అందావిడ. పుట్టుమచ్చనో, మనిషినో చెప్పలేదు.

గడువుగారు నోటుపుస్తకం తెరిచి, తన చీటీ మీద "తిరిగి అందినది" ముద్ర కొట్టి, పక్కన ఆనాటి తేదీ వేశారు. రెండు తేదీలూ ఒకటే. వెనక్కి వెనక్కి పేజీలు తిప్పి చూసుకున్నారు. బట్టతలవాళ్లు, బ్యాటరీవాళ్లు, చంద్రుడి మీద స్థలాలవాళ్లు, ఇంతమంది మేధావులున్న ఆ పుస్తకంలో చెప్పిన రోజుకి చెప్పింది చెల్లించినవాడు ఒక్కడే కనిపించాడు. ఆయన ఛాతీ, మీసం ఉన్న రోజుల్లోకన్నా రెండంగుళాలు ఎక్కువే పొంగింది.

"నెల తిరిగేసరికి మళ్లీ వచ్చేస్తుందిలే బావా," అన్నాడు బావమరిది ఓదార్పుగా.

"చీటీ రాయనా?" అంది భార్య.

అప్పుడు తట్టింది గడువుగారికి అసలు సంగతి. రేపు సోమవారం, గుమ్మం పక్కన యంత్రం! మూడు నెలలుగా తను చెబుతున్న మాట రేపు రుజువు కాబోతోంది. అది తెల్లమొహం వేస్తుంది, ఎర్రదీపం వెలిగిస్తుంది, మళ్లీ నిలబడమంటుంది. సంఘం కూర్చోవాలి, కుర్రాయన తిరిగి రావాలి, మనిషిని గుర్తుపట్టడం మనిషికే చెల్లునని మినిట్సులో రాసుకోవాలి. పోయిన మీసం ఊరికే పోలేదు. సైన్సుకు ఆహుతైంది.

సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పది నిమిషాలు ముందే బయలుదేరారు. బస్సులో ఇద్దరు సీటిచ్చారు, కూర్చోలేదు. గ్రంథాలయం మెట్ల దగ్గర టీచరమ్మ ఎదురొచ్చింది. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలండీ?"

ఆ మాటతో గడువుగారికి కొండంత బలం వచ్చింది. "చూశారా? మీకే తెలియలేదు. ఇక దానికేం తెలుస్తుంది? రండి, సాక్షిగా నిలబడండి."

ఆవిడ పత్రిక చంకన పెట్టుకుని పక్కన నిలబడింది. ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపింది. గడువుగారు గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ పైపెదవి మీద లేని మీసాన్ని ఒకసారి దువ్వుకుని, యంత్రానికి ఎదురుగా నిలబడి తల ఎత్తారు.

పచ్చదీపం వెలిగింది. హాజరు తొమ్మిది యాభై ఎనిమిదికి పడింది.