చార్టు కింద రాసిన పేరు

మా చిన్నప్పుడు, నాన్న పని కోసం వలస వెళ్ళిన హిందీ ఊరు బీర్‌గావ్‌లో, మా ఇంటి వెనక చెరువు ఒకటే కంపు... వేసవి వస్తే అమ్మ వెనక తలుపు తీయనిచ్చేది కాదు.

ఐదో తరగతిలో మా బెహన్‌జీ, అదే మా టీచరమ్మ, ఎవరి పేట గురించి వాళ్ళు ఒక రిపోర్టు రాసి తెమ్మన్నారు. హిందీలో రాయాలి. ఏ సంగతి ఎక్కడ తెలిసిందో కూడా చివర్లో చెప్పాలి... పుస్తకమైతే పుస్తకం పేరు, మనిషైతే మనిషి పేరు. చెప్పినవాళ్ళ పేరు దాచడం దొంగతనమే అనేవారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

మా ఇంట్లో పంచాంగం తప్ప పుస్తకం లేదు. అందుకని నాన్నను అడిగాను. నాన్న ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ధాన్యం నానబెట్టిన నీళ్ళు గోడ కింద నుంచి తిన్నగా చెరువులోకి వదిలేస్తారని, అందుకే చేపలు చస్తున్నాయని అన్నం తింటూ చెప్పాడు. నేను చార్టు మీద ఆ కాలువ బొమ్మ వేసి, కింద గుండ్రటి అక్షరాలతో నాన్న పేరు, మిల్లు పేరు రాశాను... ఎంత గర్వమో!

బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఎవరనుకున్నారు... ఆ మిల్లు యజమాని సేఠ్‌జీయే. మా తరగతులకు ఫ్యాన్లు పెట్టించింది కూడా ఆయనే.

చార్టులు చూసుకుంటూ వచ్చి నా దాని ముందు ఆగారు. కింది దాకా చదివారు. కోప్పడలేదు... నవ్వి, ఈయన మన మిల్లు మనిషే కదా అన్నారు. వెనక ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ నాన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. నాన్నను నేనెప్పుడూ అలా చూడలేదు.

బెహన్‌జీ గబగబా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇది నువ్వే ఊహించి రాశావు కదా, బేటీ?"

నేను అవునని తలూపాను. ఆవిడే తన పెన్నుతో నాన్న పేరు కొట్టేశారు. అబద్ధాలకోరని పిల్లలంతా నవ్వారు... సిగ్గుతో చచ్చిపోయాను. కానీ అంతకన్నా ఎక్కువ సిగ్గు, బెహన్‌జీ మొహం, నాన్న మొహం చూడాల్సి వచ్చినందుకు.

నాన్న ఉద్యోగం పోకుండా నిలబడింది. ఇంటికొస్తూ, సైకిల్ మీద నుంచే, మా సందు మొదట్లో అన్నాడు:

"బాగానే రాసినావమ్మా. ఇకమీదట ఎవులు సెప్పినారని అడిగితే, మరిసిపోనానని సెప్పు."

ఆ తర్వాత నాన్న మిల్లు సంగతులు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు... ఆయన పోయేదాకా అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఇప్పుడు మా అబ్బాయి రిపోర్టు కింద వెబ్‌సైట్ల పేర్లు వరసగా అతికించేస్తాడు. రెండు నిమిషాల పని... వాటికి ఉద్యోగం పోతుందన్న భయం లేదు కదా.

మీకూ చిన్నప్పుడు అన్నీ చెప్పి, తమ పేరు మాత్రం బయటపెట్టొద్దన్న వాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు కింద కామెంట్లలో రాయండి... ముందు నేను రాస్తాను.

చెరువు సంగతి నాకు చెప్పింది మా నాన్న, అప్పలస్వామి.