నేను చదవకుండా సంతకం పెట్టిన సిఫారసు లేఖ

కరోనా తర్వాత కళాశాలలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో నేను హిందూపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగాధిపతిని. పదవీ విరమణకు రెండేళ్లుంది. నా దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేసిన పర్వీన్ ఆ నెలలో పోస్ట్‌డాక్‌కు దరఖాస్తు పెట్టింది. డాక్టరేట్ తర్వాత మరొకరి ప్రయోగశాలలో జీతం మీద రెండు మూడేళ్లు చేసే పరిశోధనను పోస్ట్‌డాక్ అంటారు. మంచి సంస్థలో అధ్యాపక ఉద్యోగం కావాలంటే ఇప్పుడది దాదాపు తప్పనిసరి. ఆ ఎంపికలో మార్కుల కంటే గైడు గోప్యంగా పంపే సిఫారసు లేఖకే విలువెక్కువ.

మా కళాశాలల్లో ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఆ లేఖను విద్యార్థే రాసుకొస్తే గైడు సంతకం పెడతాడు. పర్వీన్‌కూ అదే చెప్పాను.

"నా గురించి నేనే ఎట్ల రాసుకునేది సార్?" అంది.

"అందరూ రాసుకుంటాండారు కదమ్మా. రేపు తీసుకురా, సంతకం పెడతా."

ఆమె పెనుకొండలో ఒక దర్జీ కూతురు. లోహాల అరుగుదలను కొలిచే యంత్రాన్ని తానే రూపొందించి, ధర్మవరంలో ఒక లేత్ షెడ్డులో ఎనిమిది నెలలు దగ్గరుండి చేయించుకుంది. నేను ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఆ సంగతి రాస్తే నన్ను తక్కువ చేసినట్టవుతుందని భయపడి, యంత్రాన్ని మా విభాగమే సమకూర్చిందనీ, అభ్యర్థి దానిపై వినయంగా, క్రమశిక్షణతో పనిచేసిందనీ లేఖలో రాసింది. నేను చదవకుండానే సంతకం చేసి పంపేశాను.

ఇంటర్వ్యూలో యంత్రం ఎవరిదని అడిగితే ఆమె నిజం చెప్పింది. రెండింటిలో ఏది సరైనదో తెలపమని ఎంపిక సంఘం నాకు మెయిల్ పెట్టింది. లేఖను అప్పుడు చదివాను. తప్పని ఒప్పుకుంటే నేను రాయలేదని బయటపడుతుంది. "లేఖలో ఉన్నదే సరైనది" అని ఒక్క వాక్యం పంపాను. నా పరువు కోసం నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరును చేశాను. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పిందన్న కారణం చూపి ఆమె దరఖాస్తును తిరస్కరించారు. నెల తర్వాత ధర్మవరంలో వేరే పని మీద ఆ షెడ్డుకు వెళ్తే, నేను పర్వీన్ గైడునని తెలియగానే యజమాని బాబయ్య అడిగాడు.

"ఏం సారూ, ఆ మిషను మీ డిపార్ట్‌మెంటు చేసిందంటనే! యాడ చేసినారు, కలలోనా? ఆయమ్మ ఈడ ఇనుప రజను మింగుకుంటా నాతో మూడుసార్లు విప్పించి బిగిపించింది. మీ మొగం నేను చూసేది ఇదే ఫస్టు."

"కాలేజీ పద్ధతులు వేరబ్బా" అని గొణిగాను.

అతను బల్ల మీది బోల్టు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది ఆ మిషన్‌దే. యాడ బిగిస్తారో చెప్పు సార్, చాలు."

బోల్టును తిరిగి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మరునాడే ఎంపిక సంఘానికి నిజం రాసి, ప్రతులు పర్వీన్‌కూ మా ప్రిన్సిపాల్‌కూ పంపాను. తమ రికార్డులో ఆమె నిజాయితీపై రాసుకున్న వ్యాఖ్యను తొలగించామని జవాబు వచ్చింది. చోటు మాత్రం అప్పటికే భర్తీ అయింది. "ఎందుకు సార్ గెలుక్కుంటారు, అందరం చేసేదే కదా" అన్నాడు ప్రిన్సిపాల్. అతని మీద అరిచాను. అరిచే అర్హత నాకు లేదు.

ఏడాది తర్వాత పర్వీన్ మరో సంస్థలో పోస్ట్‌డాక్ సంపాదించుకుంది. సిఫారసు చేసినవారిలో నా పేరు లేదు. అది సబబే. గైడు లేఖ అంటే సాక్ష్యం. పనిని దగ్గరుండి చూడని గైడు "నీ పని నాకు తెలియదు, వేరేవారిని అడుగు" అని విద్యార్థికి ముందే చెప్పాలి. నాకది నేర్పడానికి ఆమె జీవితంలో ఒక ఏడాది ఖర్చయింది.