విమానం రెక్క, ఆదయ్య పంక

మరాఠీ రాష్ట్రం అంచున తెలుగు మాట్లాడే సిరొంచలో ఆదయ్య కొట్టు ఎక్కడుందని అడిగితే ఎవరూ దారి చెప్పరు, కాసేపు నిలబడి చెవి పెట్టమంటారు. సుత్తి దెబ్బ ఎటునుంచి వినపడితే అటు నడవడమే. బకెట్లకు అడుగులు, ధాన్యం గాబులకు మూతలు, చిల్లుపడ్డ తొట్లకు మాట్లు, రేకుతో అయ్యే పని ఏదైనా అక్కడ అవుతుంది. కానీ చుట్టుపక్కల ఆయనకు పేరు తెచ్చింది మాత్రం తూర్పార పంక.

ఆ పంకకు కరెంటు అక్కర్లేదు. ఇనుప కోణాలతో ఒక స్టాండు, దానికి నాలుగు రేకు రెక్కలు, వెనక ఒక పాత సైకిల్ చైను, చక్రం, తిప్పడానికి ఒక పిడి. కల్లంలో ఒకరు ఎత్తుపీట ఎక్కి చాటతో వడ్లు జారవిడుస్తారు, ఒకరు పంక వెనక నిలబడి పిడి తిప్పుతారు. గాలికి పొల్లు పోయి గట్టి గింజ కింద పడుతుంది. పోసేది మగవాళ్ళు, తిప్పేది ఆడవాళ్ళు. పోయడంలో నేర్పు ఉందని మగవాళ్ళే అన్నారు, మగవాళ్ళే ఒప్పుకున్నారు.

ఆదయ్యకు ఒక జబ్బు ఉంది. ఏ వస్తువు చూసినా అది ఎట్లా పనిచేస్తుందో తెలిసేదాకా ఊరుకోలేడు. ఊరికి కొత్తగా వచ్చిన స్కూటర్‌ని బాగుచేస్తానని విప్పి, మూడు రోజులు దాని యజమానిని నడిపించాడు. స్కూటర్ బాగైంది, కానీ మిగిలిన ఒక బోల్టు ఎక్కడిదో ఈనాటికీ తెలియదు.

ఆయన చేసిన మొట్టమొదటి పంక వాళ్ళక్క రాజక్కకు వెళ్ళింది. ఈ కథ నాటికి అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. భర్త చనిపోయాక రాజక్క ఆ పంకనే నమ్ముకుంది. కోతలు అయ్యాయంటే చాలు, పంకను బండికి ఎక్కించుకుని కల్లం కల్లం తిరిగేది. వానాకాలం గడిచేదాకా సరిపడే గింజలు ఆ రెండు నెలల్లోనే సంపాదించుకునేది. తమ్ముడి ఇల్లు నాలుగడుగుల దూరంలోనే ఉన్నా, ఒక పూట అన్నం కోసం ఆ గడప తొక్కింది లేదు.

రెండు వేల ఆరో సంవత్సరం కోతల ముందు ఆమె కుడి భుజం పట్టేసింది. ఆదయ్య ఆమెను బస్సులో అహేరి దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చేయి పైకెత్తమన్నాడు, పక్కకు చాపమన్నాడు, ఆమె మొహం చూసి వద్దులే అన్నాడు. భుజం కీలు అరిగిందనీ, ఈ సీజన్ కూడా ఇట్లాగే తిప్పితే ఆ చేయి ఇక దేనికీ పనికిరాదనీ తేల్చి చెప్పాడు.

తిరుగు బస్సు కోసం స్టాండులో కూర్చున్నప్పుడు ఆదయ్య మిర్చీ బజ్జీలు కట్టించుకొచ్చాడు. రాజక్క తినలేదు.

"తిప్పకుంట ఎట్ల బతుకాలె తమ్మీ? నీ ఇంట్ల కూసుండి తినుడు నాతోని కాదు. ఇయ్యేడు తిప్పకపోతే ఇగ నన్నెవలు పిలుస్తరు?"

ఆదయ్య మిర్చీలు చుట్టిన మరాఠీ పేపరులో ఒక విమానం బొమ్మనే చూస్తున్నాడు.

"నేనేమంటున్న, నువ్వేం సూస్తున్నవ్?"

"అక్కా, ఈ విమానం జర సూడు. రెక్కల కొసలు మీదికి వంగి ఉన్నయి."

"దేనికన్న తాకి వంగినయి కావచ్చు."

"రెండు దిక్కుల ఒక్క తీరుగ ఎట్ల తాకుతది?"

బొమ్మ కింద రెండు వరుసల రాత ఉంది. రెక్కల కొసలు ఇట్లా పైకి వంచితే విమానానికి నూటికి మూడు నాలుగు పాళ్ళు నూనె ఆదా అవుతుందని మొదటి వరుస. ఎందుకు ఆదా అవుతుందో రెండో వరుసలో ఉండాలి. దాన్ని మిర్చీ నూనె మింగేసింది. ఆదయ్య కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు, తిరగేసి చూశాడు. నాలుగు గంటల ప్రయాణంలో ఆ కాగితం ఆయన చేతిలోనే ఉంది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఈయనకు పట్టింపు లేదనుకుంది పాపం. నిజానికి ఆయన ఆలోచించేది ఆమె గురించే. విమానం రెక్క గాలిలో పోతుంది, తన పంక రెక్కా గాలిలోనే పోతుంది. విమానం నూనె తాగుతుంది, పంక అక్క భుజాన్ని తాగుతోంది. కొస వంచితే అక్కడ నూనె మిగిలినప్పుడు ఇక్కడ భుజం ఎందుకు మిగలదు?

మర్నాడు బడి విడిచే వేళకు ఆ కాగితం పట్టుకుని, సైన్సు చెప్పే ప్రభాకర్ సారు దగ్గరికి వెళ్ళాడు. సారు మొదట నవ్వాడు, తర్వాత సుద్దముక్క తీసుకుని బల్ల మీద రెక్క గీశాడు.

"రెక్క కింద గాలి గట్టిగ ఒత్తుతది ఆదన్నా, మీద తక్కువ ఒత్తుతది. అందుకే విమానం లేస్తది. కానీ కొస కాడ కింది గాలికి దారి దొరుకుతది. చుట్టు తిరిగి మీదికి పోతది, సుడి పడతది. ఆ సుడి విమానాన్ని ఎనకకు గుంజుతది. కొస వంచితే ఆ గుంజుడు జర తగ్గుతది."

"గాలి చుట్టు తిరుగుడు నువ్వు సూసినవా సారూ?"

"గాలి కనబడతదా? పుస్తకంల ఉంది."

కనబడని దాన్ని పుస్తకం రాసినవాడు ఎట్లా చూశాడో ఆదయ్యకు అంతుపట్టలేదు. సారు మీద గౌరవం కొద్దీ తలాడించాడు గానీ మనసు ఒప్పుకోలేదు. కాకపోతే ఒప్పుకునేదాకా ఆగేంత ఓపికా లేదు. కోతలు మొదలయ్యాయి.

రాజక్క పంకను కొట్టుకు తెచ్చి ముందేసుకున్నాక కొత్త చిక్కు వచ్చింది. విమానానికి పైన ఆకాశం, కింద నేల. గుండ్రంగా తిరిగే పంకకు పైన ఏది? ఒక పూటంతా గడ్డం గోక్కున్నాడు. గాలి ఎటు పోతుందో అదే పై వైపని తీర్మానించి, నాలుగు రెక్కల కొసలనూ రెండేసి వేళ్ళ వెడల్పున ముందుకు వంచాడు. ఎప్పటిలాగే పరీక్ష చేశాడు. ఆయన పరీక్ష ఏమిటంటే, పిడిని పది సార్లు జోరుగా తిప్పి వదిలేసి, గబగబా ముందుకొచ్చి నిలబడి కళ్ళు మూసుకోవడం. మొహానికి చల్లగా తగిలితే పంక బాగున్నట్టే. నూట నలభై పంకలు ఈ పరీక్షతోనే కొట్టు దాటాయి. ఇది కూడా చల్లగానే తగిలింది.

"అక్కా, ఇగ నీ భుజానికి రంది లేదు. విమానంల ఏం పెట్టిండ్రో అదే పెట్టిన."

ఆమె నమ్మింది. నమ్మి, కొండన్న అనే రైతు కల్లానికి తీసుకుపోయింది. మధ్యాహ్నానికల్లా కబురొచ్చింది, నీ విమానాన్ని నువ్వే తీస్కపొమ్మని.

ఆదయ్య వెళ్ళేసరికి రాజక్క చేయి ఒళ్ళో పెట్టుకుని వడ్ల రాశి పక్కన కూర్చుని ఉంది. పంక మునుపటికంటే బరువుగా తిరుగుతోందనీ, కొట్టుకుంటోందనీ చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది. అక్క మీద అని అనుకున్నాడు గానీ, ఇంత ఆలోచించి చేసింది తప్పిందంటే ఎవరికి మాత్రం రాదు?

"బరువు ఎట్లయితది? జరుగు, నేను సూస్త."

పీట మీదున్న కొండన్న చాట దించి నవ్వాడు.

"ఆదన్న ఇయ్యాల ఆడోళ్ళ పనికి దిగిండు. పోయాల్నా మరి?"

"పొయ్యి. కుప్ప అయిపోయేదాక ఆపకు."

మొదటి పది తిప్పుళ్ళు బాగానే పడ్డాయి. అవి ఆయనకు అలవాటైనవే. పదకొండోది కొత్త. యాభై దాటేసరికి మోచేయి, వంద దాటేసరికి భుజం, ఆ తర్వాత మెడ దాకా మంట పాకింది. కుప్పలో పావు వంతు కూడా తరగలేదు. ఆపుదామంటే అందరూ చూస్తున్నారు. సిగ్గు చాలా పని చేయిస్తుంది, దాని బలంతో ఇంకాసేపు తిప్పాడు. ఇరవై రెండేళ్ళుగా పంకలు చేస్తున్నాడు, ఒక కుప్ప పూర్తిగా తిప్పింది లేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే, అక్కడే తెలిసింది.

పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పంక మీద పడింది. దుమ్ములో గాలి కనబడింది. రెక్కల నడిమి భాగంలో దుమ్ము తిన్నగా ముందుకు పోతోంది. కొసల దగ్గర మాత్రం ముందుకు పోయింది పోయినట్టే మలుపు తిరిగి, రెక్క చివర దాటి, సుడులు సుడులుగా వెనక్కి వస్తోంది. వచ్చి ఆయన నోట్లో, కళ్ళలో పడుతోంది. సారు సుద్దముక్కతో గీసింది ఇదే. పిడి వదిలేసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పైనుంచి కొండన్న పోస్తూనే ఉన్నాడు, తూర్పారబట్టిన వడ్లలో పొల్లు కలిసిపోయింది. కొండన్న తిట్టిన తిట్లు ఆదయ్యకు వినపడలేదు.

"అక్కా, ఇది సూసినవా? దుమ్ము కొసల కాడ్నుంచి ఎనకకు మర్లుతున్నది."

"అవ్. కొసల కాడ్నే. నడిమిట్ల రాదు."

"నీకు ఎర్కేనా?"

"రోజు మొఖం మీద పడేదే, ఎర్క ఉండకపోవుడేంది?"

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు ఎన్నడు ఎనకకు రాకపోతివి. ముంగట నిలబడి గాలి మంచిగున్నది అంటివి."

పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసుకున్న సంగతిని తన తోబుట్టువు రోజూ కళ్ళారా చూస్తోంది, ఒక్కరోజు కూడా తాను ఆమెను అడగలేదు. ఆదయ్య సిగ్గు పడ్డాడు. ఇందాకటిది జనం చూస్తున్నారన్న సిగ్గు. ఇది వేరు, ఇంటికి వచ్చినా పోలేదు.

వంచిన కొసలు గాలికి అడ్డుపడి బరువే పెంచాయని అర్థమై, వాటిని సుత్తితో చదును చేసేశాడు. గాలికి రెక్క చివర దారి దొరుకుతోంది కాబట్టి ఆ దారే మూసేస్తే సరి అనుకుని, నాలుగు రెక్కలూ లోపల తిరిగేటట్టు చుట్టూ గుండ్రంగా ఒక రేకు గోడ కట్టాడు. మొదటిసారి రెక్కలు గోడకు గీసుకుని వీధంతా పళ్ళు జివ్వుమనిపించింది. వేలెడు సందు ఇచ్చి మళ్ళీ కట్టాడు. ఈసారి ముందు నిలబడి కళ్ళు మూసుకోలేదు. కొండన్న కల్లానికి మోసుకుపోయి, వెనకే నిలబడి, ఒక కుప్ప మొదటినుంచి చివరిదాకా తానే తిప్పాడు. వెనక్కి వచ్చే దుమ్ము చాలావరకు తగ్గింది. తర్వాత రాజక్క తిప్పింది.

"తేలికైందా?"

"జర తేలికైంది."

"జర అంటే ఎంత?"

"జర అంటే జరనే. తమ్మీ, మంచిగనే చేసినవ్. కానీ భుజం గట్లనే గుంజుతున్నది."

నూటికి మూడు నాలుగు పాళ్ళని పేపరు ముందే చెప్పింది. చదివినప్పుడు ఆదయ్యకు అది పెద్ద మాటగా కనిపించింది. ఆకాశంలో రోజంతా తిరిగే విమానానికి అది పెద్దదే కావచ్చు, అరిగిపోయిన కీలుకు కాదు. మనిషి నీరుగారిపోయాడు. అయినా మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే కొట్టు మూసి కల్లానికి రావడం మొదలుపెట్టాడు. ఒక కుప్ప ఆమె, ఒక కుప్ప ఆయన. కూలి గింజలు మాత్రం ఆమెవే. నాలుగు రోజులు జనం నవ్వారు, ఐదో రోజుకు ఇంకేదో దొరికింది వాళ్ళకు.

అట్లా పది రోజులు గడిచాక, కొండన్న భార్య పోశక్క తమకూ ఒక పంక కావాలని కొట్టుకు వచ్చింది. రాజక్క ఆ పూట తన పంకతో అక్కడే కూర్చుని ఉంది. ఆదయ్య కొత్త పంకను పోశక్క ముందు పెట్టి, ఆమెను వెనక నిలబెట్టి, అలసిపోయేదాకా తిప్పమన్నాడు. ఏమేం కనబడుతుందో, ఎక్కడ నొస్తుందో చెప్పమన్నాడు. పోశక్కకు ఇది వింతగా తోచింది. కొనేవాళ్ళను ఇట్లా అడిగినవాళ్ళను ఆమె చూడలేదు.

కాసేపు తిప్పి ఆగింది.

"దుమ్ము లేదన్నా. గాలి మంచిగనే ఉన్నది. కానీ ఈ పిడి మీదికున్నది. తిప్పినప్పుడల్ల చెయ్యి భుజం దాటి పోతున్నది."

ఆదయ్య లేచి పంక పక్కన నిలబడ్డాడు. పిడి సరిగ్గా ఆయన ఛాతీ మీదికి వచ్చింది. కొట్టులో కొలతకర్ర ఉన్నా స్టాండు ఎత్తు మాత్రం ఎప్పుడూ తన ఛాతీతోనే కొలుచుకునేవాడు, నూట నలభై పంకలకూ అదే కొలత. పోశక్క ఆయన భుజం దాకా కూడా రాదు. రాజక్క ఇంకా పొట్టి.

ఆయన మెల్లగా అక్క వైపు తిరిగాడు.

"నీకు గూడ గట్లనే ఉండెనా అక్కా? చెయ్యి మీదికి పోవుడు?"

"ఉండె."

"మొదటి సంది?"

"మొదటి సంది. పంక అంటే గంతే ఉంటదనుకున్న."

ఆదయ్య పోశక్కను కాసేపు కూర్చోమని, ముందు రాజక్క పంకను పడుకోబెట్టి, స్టాండు నాలుగు కాళ్ళనూ జానెడు మేర కోశాడు. నిలబెట్టి పక్కకు తప్పుకున్నాడు. రాజక్క వచ్చి పిడి పట్టుకుని తిప్పింది. మోచేయి నడుము దగ్గరే తిరిగింది, భుజం కదల్లేదు. ఆపుతుందేమోనని ఇద్దరూ చూశారు. ఆమె చాలాసేపు ఆపలేదు.