బామ్మర్ది పట్టాల్సిన తాడు

దొరల ఏలుబడి నాటి మాట. గిద్దలూరు పైన నల్లమలలో చెంచు సోమన్న తేనె కొట్టడంలో పేరు మోసినవాడు. కొండ అంచు నుంచి నారతాడు మీద వేలాడుతా దిగి, పొగబెట్టి, తేనెపట్టు కోసేవాడు. పైన తాడు పట్టుకునేది ఎప్పుడూ భార్య దాసమ్మ తమ్ముడు కాశయ్యే. వాళ్లలో అదే కట్టడి. సొంత అన్నదమ్ములైనా చెయ్యి వదులుతారేమో గానీ, అక్క తాళి తెంచే తమ్ముడుంటాడా? మీరే చెప్పండి.

అంతలో వెదురు కాంట్రాక్టరు వచ్చినాడు. కాశయ్య గిద్దలూరు వెదురు డిపోలో కూలికి కుదిరినాడు. పైన తాడు పట్టేవాడు లేక తేనె కొట్టడం ఆగిపోయింది. సోమన్నకూ వెదురు నరికే పని దొరికింది. ఇంట్లో బియ్యపు కూడు, దాసమ్మకు కొత్త కోక. బాగుపడ్డారనే అనుకున్నారు అందరూ. సోమన్న మాత్రం ముందు మాటలు తగ్గించినాడు, తర్వాత తిండి, ఆఖరికి పనే మానేసి గుడిసెలో పడుకున్నాడు.

"ఏందయ్యా నీకు? ఏం తక్కువైంది?" అంది దాసమ్మ.

"ఏమో, లేవబుద్ధి కాదు. లేచి ఏం జేసేది?"

గాలి సోకిందని వేపమండలతో దిగదుడిచినారు. నా తలకాయ! గాలైతే పోదూ?

దాసమ్మ నడిచి గిద్దలూరు పోయి తమ్ముని చేతులు పట్టుకుంది. "ఒక్కసారొచ్చి తాడు పట్టరా. ఆయన మళ్లా మనిషవుతాడు. లేకుంటే నాకు దక్కడు."

కాశయ్య మేస్త్రీని బతిమాలి సెలవు తీసుకుని వచ్చినాడు. బామ్మర్దిని చూసి సోమన్న లేచి కూర్చున్నాడు. గంజి అడిగి తాగినాడు. దాసమ్మ పక్కకు పోయి సంతోషంతో ఏడ్చింది.

కొండ అంచున సోమన్న నడుముకు తాడు కట్టుకుని, కాళ్లు కిందికి జార్చి, అలవాటుగా వెనక్కి చూసినాడు. కాశయ్య రెండో కొసను చెట్టుకు చుట్టి, డిపోలో వెదురు మోపులకు వేసే ముడి బిగించి, పక్కన కూర్చుని బీడీ ముట్టించినాడు.

"దిగు బావా, భయం లేదు. నా చెయ్యన్నా జారుతుందేమో గానీ, చెట్టు జారదు."

పాపం, వానికి అందులో తప్పేమీ కనపడలా. మేలే చేస్తున్నాననుకున్నాడు.

సోమన్న కాళ్లు పైకి లాక్కుని ముడి విప్పుకున్నాడు. "చెట్టు ఎప్పుడూ ఇక్కడే ఉంది గదా బామ్మర్దీ. దానికి నువ్వెందుకు?" అని మెల్లగా అని, ఇంటి దారి పట్టినాడు. కాశయ్యకు అప్పుడు తెలిసింది. "నేను పట్టుకుంటా, రా బావా" అని వెంటబడి ఎంత బతిమాలినా సోమన్న తిరిగి చూడలా.

తొలకరికి ముందే పోయినాడు. ఏ జబ్బూ కనపడలేదన్నారు. దాసమ్మ తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వాడే తట్టుకోలేక కాళ్ల దగ్గర కూలబడినాడు.

"తిట్టక్కా. ఒక్కమాటన్నా తిట్టు."

"ఏమని తిట్టేదిరా? నువ్వు ఆయన్ని పడనీకూడదనే గదా అట్ల కట్టింది."